నీటిలో కరగని మందును కరిగించడం ఎలా? బరంపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఫార్మసీ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఫార్మసీ చదివే మన తెలుగు పిల్లలు ప్రాజెక్టు అనగానే తరచుగా ఈ అంశం మీదే పడతారు. నీటిలో కరగని మందు ఒకటి తీసుకుంటారు. మందు అణువును తనలో ఇముడ్చుకునే బీటా సైక్లోడెక్స్‌ట్రినో, పెగ్ 6000 అనే పాలిమరో కలుపుతారు. డిసొల్యూషన్ గ్రాఫు గీసి, కరుగుదల పెరిగిందని రాసేస్తారు. ఎందుకు పెరిగిందని వైవాలో అడిగితే మాత్రం మాట పెగలదు. పద్ధతిని ముందు పట్టుకుని మందు సంగతి తర్వాత చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది. మందు ఎందుకు కరగడం లేదో ముందు తేల్చుకోవాలి. అది తేలితే ఏ పద్ధతి పనికొస్తుందో, ఏది దండగో సగానికి సగం అక్కడే తెలిసిపోతుంది. అందుకే మొదటి మూడు అడుగులూ బీకరు ముట్టుకోకుండా కాగితం మీదే వేయిస్తాను.

ఉదాహరణగా ఎక్కువ చోట్ల కార్బమాజెపిన్‌నే వాడతాను. మూర్ఛకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందు. మన కోస్తా తేమకూ దీనికీ పడదు కాబట్టి మన ప్రాంతంలో పనిచేయబోయేవాళ్లు దీన్ని బాగా తెలుసుకోవాలి.

మొదటి అడుగు: ఎంత కరుగుతుంది, ఎంత త్వరగా కరుగుతుంది

ఈ రెండూ వేరు. ఫలానా ఉష్ణోగ్రత దగ్గర లీటరు నీటిలో మహా అయితే ఎంత మందు నిలుస్తుందో చెప్పేది ద్రావణీయత. ఆ స్థాయికి ఎంత వేగంగా చేరుతుందో చెప్పేది డిసొల్యూషన్ రేటు. నోయెస్, విట్నీ 1897లో ఇచ్చి, ఆ తర్వాత ఇతరులు విస్తరించిన సూత్రం ఈ రెండింటినీ కలుపుతుంది. పొడి ఉపరితల వైశాల్యం పెరిగితే వేగం పెరుగుతుంది, సంతృప్త గాఢత పెరిగినా వేగం పెరుగుతుంది, రేణువు చుట్టూ ఉండే కదలని నీటి పొర మందమైతే వేగం తగ్గుతుంది.

మందును మెత్తగా నూరితే వైశాల్యం పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. ద్రావణీయత మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే ఉంటుంది. రేణువులు మైక్రాన్ కంటే బాగా చిన్నవైతే తప్ప అందులో చెప్పుకోదగ్గ మార్పు రాదు. 'మైక్రోనైజ్ చేయడం వల్ల ద్రావణీయత పెరిగింది' అని థీసిస్‌లో రాస్తే పరీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు. పట్టుకోవాలి కూడా.

రెండో అడుగు: మోతాదుతో పోల్చడం

లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. మోతాదు ఎంతో చూడాలి. గోర్డన్ అమిడాన్ బృందం 1995లో ప్రతిపాదించిన బీసీఎస్ వర్గీకరణ (కరుగుదలను, పేగు గోడను దాటే శక్తిని బట్టి మందులను నాలుగు తరగతులు చేయడం) చేసే పని ఇదే. అత్యధిక మోతాదు మొత్తం 250 మి.లీ. ద్రవంలో, పీహెచ్ 1.2 నుంచి 6.8 వరకు అంతటా, 37 డిగ్రీల దగ్గర కరిగితే అది బాగా కరిగే మందు. లేకపోతే కాదు. పేగు గోడను సులువుగా దాటేవే కానీ కరగనివి రెండో తరగతి. కరగకపోవడంతో పాటు దాటలేకపోవడం కూడా ఉన్నవి నాలుగో తరగతి.

కార్బమాజెపిన్ 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 100 మి.గ్రా. పైచిలుకు కరుగుతుంది. అంటే గ్లాసు నీటిలో పాతిక, ముప్ఫై మిల్లీగ్రాములు. మాత్ర 200 మి.గ్రా. పేగు గోడను దాటడంలో దానికి ఇబ్బంది లేదు. కాబట్టి రెండో తరగతి. మీ పనికి అనువైనవి ఇలాంటి మందులే. నాలుగో తరగతి మందును కరిగించినంత మాత్రాన రక్తంలోకి చేరుతుందని రాయకండి.

మూడో అడుగు: ఎందుకు కరగడం లేదు?

నా దృష్టిలో మార్గదర్శి మొత్తానికి ప్రాణం ఈ అడుగు. మందు నీటిలో కరగకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని విడిపోకపోవడం. ద్రవీభవన స్థానం ఎక్కువగా ఉండటం దీనికి గుర్తు. రెండు, విడిపోయిన అణువుకు నీళ్లంటే గిట్టకపోవడం, నూనె వైపే మొగ్గడం. లాగ్ పి (నీటికంటే నూనె వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే కొలత) ఎక్కువగా ఉండటం దానికి గుర్తు. ఫార్ములేషన్ పనిలో ఉన్నవాళ్లు మొదటి రకాన్ని ఇటుక పొడి అనీ, రెండో రకాన్ని జిడ్డు ముద్ద అనీ అంటుంటారు.

ఏది ఎంతో లెక్కగట్టడానికి యాల్కోవ్‌స్కీ ఇచ్చిన సాధారణ ద్రావణీయతా సమీకరణం ఉంది:

లాగ్ ద్రావణీయత = 0.5 − 0.01 × (ద్రవీభవన స్థానం − 25) − లాగ్ పి

జవాబు లీటరుకు మోల్స్‌లో వస్తుంది. ఐబుప్రొఫెన్‌తో చూద్దాం. ద్రవీభవన స్థానం 76 డిగ్రీలు, లాగ్ పి 3.97. స్ఫటికం వల్ల తగ్గేది 0.51 మాత్రమే, జిడ్డుతనం వల్ల తగ్గేది 3.97. మొత్తం −3.98. అణుభారం 206తో గుణిస్తే లీటరుకు సుమారు 21.6 మి.గ్రా. ప్రయోగంలో కనబడేది కూడా ఇంచుమించు అంతే. ఐబుప్రొఫెన్ జిడ్డు రకం.

ఇప్పుడు కార్బమాజెపిన్. ద్రవీభవన స్థానం సుమారు 190, లాగ్ పి 2.45. స్ఫటికం ఒక్కటే 1.65 తినేస్తోంది. అంచనా లీటరుకు 60 మి.గ్రా. దాకా వస్తుంది. అసలు విలువ దానికి రెట్టింపు దగ్గర ఉంటుంది. ఇలాంటి సమీకరణానికి ఆమాత్రం తేడా మామూలే. మనకు కావలసింది దిశ. ఇక్కడ స్ఫటికాన్ని చెదరగొడితే లాభం ఉందని తెలిసింది. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అదీ ఈ కోవలోదే.

ఇంకో ప్రశ్న: మందు ఆమ్లమా, క్షారమా, తటస్థమా? కార్బమాజెపిన్, గ్రిసియోఫుల్విన్‌ల అణువులు శరీరంలో ఉండే పీహెచ్ దగ్గర అయాన్లుగా మారవు. అంటే వీటికి లవణం చేసే దారి మూసుకుపోయినట్టే. ఈ ఒక్క మాటతో ఒక అధ్యాయం పక్కకు పోయింది.

నాలుగో అడుగు: మొదటి కొలత

ఏది కలిపినా ముందు ఏమీ కలపని మందు ద్రావణీయత మీ చేత్తో మీరే కొలవాలి. పుస్తకంలో అంకె ఉంది కదా అని వదిలేయకండి.

మూత బిగుతుగా పట్టే సీసాలో 10 మి.లీ. నీళ్లు తీసుకుని, కరగగలిగిన దానికంటే చాలా ఎక్కువ మందు వేయండి. కార్బమాజెపిన్ అయితే 50 మి.గ్రా. సరిపోతుంది. 37 డిగ్రీల షేకర్‌లో 24 గంటలు, 48 గంటలు ఉంచి రెండుసార్లూ కొలవండి. రెండు విలువలూ కలిస్తేనే సమతాస్థితి వచ్చినట్టు. అడుగున కరగని పొడి మిగిలి ఉండాలి. మిగల్లేదంటే మీరు కొలిచింది ద్రావణీయత కాదు. 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టేటప్పుడు మొదటి రెండు మి.లీ. పారబోయండి, ఎందుకంటే ఫిల్టరు పొర కొంత మందును పీల్చుకుంటుంది. ఫిల్టరు, పిపెట్టు కూడా 37 డిగ్రీల దగ్గరే ఉంచుకోవాలి. చల్లటి గాజు తగిలితే మందు అక్కడే బయటపడిపోతుంది. తర్వాత పలుచన చేసి 285 నానోమీటర్ల దగ్గర యూవీ స్పెక్ట్రోఫోటోమీటరులో చదవండి.

చివర్లో చాలామంది వదిలేసే పని ఒకటుంది. అడుగున మిగిలిన పొడిని కాస్త స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూడండి. మీరు వేసింది గింజల్లాంటి స్ఫటికాలు. నీళ్లలో నానాక కనబడేవి సన్నటి సూదులు. కార్బమాజెపిన్ నీటిని పట్టుకుని డైహైడ్రేట్‌గా మారిందన్నమాట. డైహైడ్రేట్ ద్రావణీయత నీరు పట్టని రూపం కంటే తక్కువ. మీరు కొలిచిన అంకె ఏ రూపానిదో తెలియకుండా ఏ పోలికా నిలవదు.

కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పక్కనున్న గంజాం జిల్లాలోనూ పసుపులో ఉండే కర్‌క్యుమిన్ మీద ప్రాజెక్టులు చేద్దామన్న ఉత్సాహం సహజమే. మంచి అంశమే. కానీ పీహెచ్ 7.2 బఫరులో 37 డిగ్రీల దగ్గర కర్‌క్యుమిన్ అరగంటలోనే చాలావరకు విచ్ఛిన్నమైపోతుంది. అలాంటిదాన్ని 48 గంటలు షేకర్‌లో తిప్పి వచ్చిన అంకెను ద్రావణీయత అనలేం. పైగా లోపలికి చేరిన కొంచెమూ కాలేయం, పేగు గోడ త్వరగా మార్చేస్తాయి. దాని సమస్య కరగకపోవడం ఒక్కటే కాదు.

ఐదో అడుగు: పద్ధతి ఎంపిక

ఆమ్ల, క్షార మందులకు ముందు పీహెచ్, లవణం చూడండి. అన్నిటికంటే చవకైనదీ, పరిశ్రమ మొదట వెతికేదీ ఇదే. బలహీన ఆమ్లం అయితే పీకేఏ (సగం అణువులు అయాన్లుగా మారే పీహెచ్) కంటే పీహెచ్ రెండు మెట్లు పైన ఉన్నప్పుడు ద్రావణీయత సుమారు 100 రెట్లవుతుంది. ఐబుప్రొఫెన్ కడుపులో కరగకపోయినా చిన్నపేగులో లీటరుకు గ్రాముల లెక్కన కరిగేది అందుకే. లవణం నిలవాలంటే మందు పీకేఏకీ, జత కలిపే ఆమ్లం లేదా క్షారం పీకేఏకీ మధ్య కనీసం రెండు మూడు యూనిట్ల తేడా ఉండాలి.

రేణువులు చిన్నవి చేయడం వేగానికి మందు. ఫెనోఫైబ్రేట్ చరిత్ర చూడండి: మామూలు పొడి 300 మి.గ్రా. ఇవ్వాల్సిన చోట మైక్రోనైజ్ చేసింది 200 సరిపోయింది, నానో రేణువులతో 145కు దిగింది. అయితే మరీ మెత్తటి పొడి విద్యుదావేశంతో ఉండకట్టి నీళ్ల మీద తేలుతుంది. పోలోక్సమర్ లాంటి తడిపే పదార్థం కొంచెం లేకపోతే నూరిన శ్రమ వృథా.

సహద్రావకాలు, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, పెగ్ 400, గ్లిజరిన్, ఇథనాల్ వంటివి, సిరప్‌లకు, ఇంజెక్షన్లకు పనికొస్తాయి. వీటితో రెండు జాగ్రత్తలు ప్రాణం మీదవి. మొదటిది, పలుచన చేస్తే మందు మళ్లీ బయటపడుతుంది. ఫెనిటోయిన్ ఇంజెక్షన్ 40 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్, 10 శాతం ఆల్కహాల్‌తో, పీహెచ్ 12 దగ్గర కరిగి ఉంటుంది. దాన్ని డెక్స్‌ట్రోజ్ సెలైన్‌లో కలిపితే స్ఫటికాలు పడతాయి. ఆసుపత్రి ఫార్మసీలో చేరబోయేవాళ్లు దీన్ని మరవకూడదు. రెండోది, ద్రావకం స్వచ్ఛత. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. 2022లో గాంబియాలో దగ్గు సిరప్‌లలో దొరికిందీ అదే విషం. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఏ డబ్బాలోంచి తీసినా ఇథిలీన్, డైఇథిలీన్ గ్లైకాల్‌ల పరీక్ష జరిగిన ఫార్మా గ్రేడేనా అని చూసే అలవాటు కాలేజీలోనే పడాలి.

సైక్లోడెక్స్‌ట్రిన్‌తో చేయాలనుకుంటే నేరుగా నీడింగ్‌కు (తడిపి ముద్దలా పిసకడానికి) దిగకండి. హిగుచి, కానర్స్ 1965లో చెప్పిన ఫేజ్ సొల్యుబిలిటీ ముందు చేయండి. బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ నీటిలో లీటరుకు 18.5 గ్రాములే కరుగుతుంది, అంటే సుమారు 16 మిల్లీమోలార్. కాబట్టి 0, 3, 6, 9, 12, 15 మిల్లీమోలార్ ద్రావణాలు తీసుకోండి. ఒక్కోదాంట్లో మందు ఎక్కువగా వేసి సమతాస్థితికి తెచ్చి గ్రాఫు గీయండి. సరళరేఖ వస్తే వాలును, 'అసలు ద్రావణీయత × (1 − వాలు)'తో భాగించండి. వచ్చేది స్థిరత్వ స్థిరాంకం, అంటే మందు, సైక్లోడెక్స్‌ట్రిన్ ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో చెప్పే అంకె. ఉదాహరణకు వాలు 0.25, అసలు ద్రావణీయత 0.5 మిల్లీమోలార్ అనుకుంటే స్థిరాంకం మోలార్‌కు సుమారు 667.

కాగితం మీద ఇంకో లెక్క కూడా వేయండి. కార్బమాజెపిన్ అణుభారం 236, బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌ది 1135. ఒకటికి ఒకటి కలిపితే 200 మి.గ్రా. మందుకు 960 మి.గ్రా. సైక్లోడెక్స్‌ట్రిన్ కావాలి. మిగతా పదార్థాలు వేయకముందే మాత్ర 1.16 గ్రాములైంది. మింగడానికి వీలయ్యేది కాదు. పదో, ఇరవయ్యో మిల్లీగ్రాముల మోతాదు ఉన్న పిరాక్సికామ్‌కు ఇది చక్కగా నప్పుతుంది.

నూనె, సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) కలిపి సొంతంగా ఎమల్షన్ అయ్యే పద్ధతి జిడ్డు రకాలకు. సైక్లోస్పోరిన్ దీనికి పేరున్న ఉదాహరణ. ఇటుక పొడి రకాలు నూనెలోనూ కరగవు, వాటిని ఇందులో పెట్టి సమయం పాడుచేసుకోవద్దు.

కార్బమాజెపిన్ లెక్క ఇప్పుడు తేలింది. లవణం కుదరదు, సైక్లోడెక్స్‌ట్రిన్‌తో మాత్ర పెద్దదవుతుంది, నూనె పనికిరాదు. స్ఫటికాన్ని చెదరగొట్టి పాలిమర్‌లో ఇరికించడమే దారి. దాన్నే సాలిడ్ డిస్పర్షన్ అంటాం. సెకిగుచి, ఓబి 1961లో సల్ఫాథయజోల్‌ను యూరియాతో కలిపి మొదలుపెట్టిన దారి అది.

ఆరో అడుగు: సాలిడ్ డిస్పర్షన్ తయారీ

పెగ్ 6000 అరవై డిగ్రీల దగ్గర కరుగుతుంది కదా, కరిగించి మందు కలిపేద్దాం అనిపిస్తుంది. 190 డిగ్రీల మందు అరవై డిగ్రీల పెగ్‌లో అంతా కరగదు, చాలా భాగం పొడిగానే తేలియాడుతుంది. అందుకే ద్రావకం ఆవిరి చేసే పద్ధతి.

కార్బమాజెపిన్ 1 గ్రాము, పీవీపీ కె-30 అనే పాలిమర్ 3 గ్రాములు తూచండి. పీవీపీ గాలిలో తేమను ఇట్టే పీల్చేస్తుంది. వానాకాలంలో గోపాలపూర్ గాలి వీచే లాబులో మూత తీసి పెట్టి మాట్లాడుతూ తూస్తే బరువు మీ కళ్ల ముందే పెరుగుతుంది. ముందే ఆరబెట్టి, డెసికేటరులోంచి తీసి వెంటనే తూయండి.

60 మి.లీ. ఇథనాల్‌ను 45 డిగ్రీలకు వేడిచేసి మందు పూర్తిగా కరిగే దాకా కలపండి. ద్రావణం వెలుగులో పట్టి చూస్తే ఒక్క రేణువు కూడా కనబడకూడదు. ఆ తర్వాతే పీవీపీ కొంచెం కొంచెంగా వేయండి. ఒకేసారి పోస్తే ఉండకడుతుంది. రోటరీ ఇవాపరేటరులో ద్రావకాన్ని వేగంగా లాగేయండి. నెమ్మదిగా ఆరితే అణువులకు తీరిక దొరికి మళ్లీ స్ఫటికాలు కడతాయి. ఇవాపరేటరు లేకపోతే వెడల్పాటి పింగాణీ పాత్రలో పలచగా పోసి ఫ్యూమ్ హుడ్‌లో వాటర్‌బాత్ మీద ఆరబెట్టండి. దగ్గర్లో మంట ఉండకూడదు.

పాత్రకు అంటుకున్న పెళుసు పొరను గీకి, వాక్యూమ్ ఓవెన్‌లో 40 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచండి. మిగిలిన ఇథనాల్ కూడా పాలిమర్‌ను మెత్తబరుస్తుంది, పూర్తిగా పోవాలి. తర్వాత మెల్లగా నూరి 60 నంబరు జల్లెడ పట్టి, సిలికా జెల్ పెట్టిన గాలి చొరని సీసాలో దాచండి. 1:1, 1:5 నిష్పత్తులతో ఇంకో రెండు బ్యాచ్‌లు చేయండి. వాటితో పాటు, ద్రావకం లేకుండా అదే 1:3లో ఊరికే కలిపిన పొడి తప్పనిసరి. అది లేకపోతే మీ పద్ధతి వల్ల మేలు జరిగిందా, పీవీపీ పక్కన ఉండటం వల్లే జరిగిందా అన్నది ఎప్పటికీ తేలదు.

ఏడో అడుగు: పరీక్ష

ముందు పొడిలో మందు శాతం. పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి మూడు నమూనాలు తీయాలి. తర్వాత డీఎస్‌సీ (వేడి చేస్తూ ద్రవీభవన శిఖరం చూసే పరీక్ష), ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (స్ఫటికం ఉందో లేదో చూపే పరీక్ష). 190 దగ్గర శిఖరం మాయమైతే సంబరపడకండి. వేడి చేస్తున్నప్పుడే మెత్తబడిన పాలిమర్‌లో మందు కరిగిపోయి కూడా శిఖరం కనబడకపోవచ్చు. ఎక్స్‌రేలో పదునైన గీతలు పోయి మూపురంలా మారితేనే స్ఫటికం పోయిందని ధైర్యంగా రాయండి. మీ కాలేజీలో ఎక్స్‌రే యంత్రం లేకపోతే పెద్ద విశ్వవిద్యాలయాల లాబులకు డబ్బు కట్టి పంపించుకోవచ్చు.

డిసొల్యూషన్‌కు ప్యాడిల్, 900 మి.లీ. నీళ్లు, 37 డిగ్రీలు, 75 ఆర్‌పీఎం. 40 మి.గ్రా. మందుకు సరిపడే పొడి వేయండి. 1:3 అయితే 160 మి.గ్రా. అంతా కరిగినా లీటరుకు 44 మి.గ్రా.యే కాబట్టి సింక్ పరిస్థితి (గాఢత సంతృప్త స్థాయికి బాగా దిగువన ఉండటం) నిలుస్తుంది. ఆ గాఢత దగ్గర యూవీ విలువ రెండు దాటుతుంది, అయిదు రెట్లు పలుచన చేసి చదవాలి. పీవీపీ మాత్రమే కరిగిన ద్రావణాన్ని బ్లాంకుగా పెట్టండి.

ఇది అయ్యాక మందు బాగా ఎక్కువ వేసి ఇంకోసారి చేయండి. అస్ఫటిక మందు ముందు సంతృప్త స్థాయిని దాటి పైకి లేస్తుంది, తర్వాత స్ఫటికాలు కట్టడం మొదలుపెట్టి దిగుతుంది. గంటకే ఆపేస్తే ఎక్కడమే చూస్తారు. నాలుగు గంటల దాకా నమూనాలు తీస్తేనే పీవీపీ దాన్ని ఎంతసేపు పట్టి ఉంచగలిగిందో తెలుస్తుంది. నన్నడిగితే మొత్తం ప్రాజెక్టులో విలువైన గ్రాఫు ఇదే.

ఎనిమిదో అడుగు: తేమలో నిలకడ

40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి, మధ్యమధ్యలో ఎక్స్‌రే, డిసొల్యూషన్ రెండూ చూడాలి. మందు శాతం ఒక్కటే చూసి నిలకడగా ఉందనకండి. ఒక్క మిల్లీగ్రాము మందు పోకుండానే స్ఫటికం తిరిగొచ్చి కరుగుదల పడిపోవచ్చు. పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. హెచ్‌ఐవీ మందు రిటోనవీర్ 1996లో బజారులోకి వచ్చింది. 1998లో అంతకుముందు ఎవరూ చూడని, ఇంకా తక్కువ కరిగే స్ఫటిక రూపం క్యాప్సూళ్లలో పుట్టుకొచ్చి, ఆ క్యాప్సూళ్లనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

కార్బమాజెపిన్ మామూలు మాత్రలకూ ఈ బెడద ఉంది. తేమ తగిలితే మాత్ర గట్టిపడి కరగదు. తేమలో నిల్వ ఉంచితే సామర్థ్యంలో మూడో వంతు దాకా పోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1990లోనే హెచ్చరించింది. మూర్ఛ అదుపులో ఉన్న మనిషికి మళ్లీ ఫిట్స్ రావడానికి అది చాలు. ఛత్రపూర్ నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రం ఒడ్డు ఊళ్లలో మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడేవాళ్లు స్ట్రిప్పు కత్తిరించకుండా ఇవ్వాలి. వంటింటి గట్టు మీదా, స్నానాల గది అల్మరాలోనూ పెట్టొద్దని తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పి పంపాలి.

లాబులో తయారుచేసింది మాత్రం ఎవరూ నోట్లో వేసుకోకూడదు. కార్బమాజెపిన్‌కు పనిచేసే మోతాదుకూ ముప్పు తెచ్చే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. కరుగుదల పెరిగిందంటే రక్తంలో చేరేదీ పెరగొచ్చు.

కౌంటరు దగ్గర ఈ చదువు

ఫార్ములేషన్ మారితే మందు వేసుకునే తీరూ మారుతుంది. గ్రిసియోఫుల్విన్ కొవ్వున్న భోజనంతో బాగా ఒంటబడుతుంది. తామరకే వాడే ఇంకో మందు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌ను భోజనం అయిన వెంటనే వేసుకోవాలి, దాని కరుగుదలకు కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి గ్యాస్ బిళ్లతో కలిపి ఇవ్వకూడదు. అదే ఇట్రాకొనజోల్ ద్రావణం రూపంలో హైడ్రాక్సీప్రొపైల్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్‌తో వస్తే ఖాళీ కడుపున తాగాలి. తామరకు నెలల తరబడి క్యాప్సూళ్లు మింగి తగ్గడం లేదని వచ్చే మనిషిని, డాక్టరు దగ్గరికి తిరిగి పంపే ముందు రెండు ప్రశ్నలు అడగండి: మందు ఎప్పుడు వేసుకుంటున్నారు, దాంతో పాటు గ్యాస్ బిళ్ల ఏదైనా వాడుతున్నారా. వచ్చిన జవాబు చీటీ మీద రాసి డాక్టరుకు పంపండి.